చిన్నమ్మ నెత్తి మీది మూత

నా ఉద్యోగంలో మొదటి సగం ఆవిరి ఇంజన్లను కోయడంతో గడిచింది. రెండో సగం ఒక్కదాన్ని ఎవరూ కోయకుండా చూసుకోవడంతో గడిచింది. మధ్యలో డీజిల్, కరెంటు ఇంజన్ల పని కూడా చేశాను, జీతం వాటికే ఇచ్చారు. కానీ వాటి గురించి నాకంటే బాగా చెప్పేవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు. ఆవిరి ఇంజన్ మీద చెయ్యి వేసినవాళ్ళే తగ్గిపోతున్నారు. అందుకని షెడ్డులో కొత్తగా చేరే మీకోసం ఇది రాస్తున్నాను. ఇందులో ప్రమోషన్లు, బదిలీలు, మెమోలు ఉండవు. మెమోలు కడుపునిండా తిన్నాను, కానీ వాటిలో చెప్పుకునేంత రుచి లేదు.

నా పేరు రత్నం. మాది జనగామ దిక్కు పల్లె, ఇప్పుడు ఉండేది నాచారంలో. పనిచేసిన షెడ్డు పేరు రాయను, సాబుల పేర్లు అసలే రాయను. తల ఎత్తితే మౌలాలి గుట్ట కనిపించేదని మాత్రం చెప్తాను. అంత చాలు.

కోత పని

నేను ఖలాసీగా చేరాను. ఖలాసీ అంటే షెడ్డులో ఎవరు కేకేస్తే వాళ్ళ దగ్గరికి ఉరికే మనిషి. అప్పటికే డీజిల్ ఇంజన్లు వచ్చేశాయి, ఆవిరివి ఒక్కొక్కటే యార్డు చివరికి చేరుతున్నాయి. మా అమ్మ ఊళ్ళో చర్చికి వచ్చిన ప్రతివాళ్ళకూ కొడుకు రైలింజన్లు చేస్తాడని చెప్పుకుంది. చేసేది కాదమ్మా, కోసేది అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

అబద్ధం ఎందుకు, అప్పట్లో నాకు బాధేమీ లేదు. చేతిలో గ్యాస్ కటర్, ముందర నీలి మంట, కొత్త కొలువు. సంబరంగా కోశాను. ఇంజన్ పోవడానికి ఒక వరస ఉంటుంది. ముందు ఈల పోతుంది, తర్వాత గేజీలు, నంబరు పలక, ఇత్తడి అన్నదంతా. ఆ తర్వాత రాగి. మిగిలిన ఇనుము మా వంతు. ఊరంత గొంతుతో అరిచిన ఇంజన్ కొన్నాళ్ళకు కుప్పగా మారేది, లారీలు ఆ కుప్పను ఎటో కొలిమికి మోసుకుపోయేవి.

నాకు పని నేర్పింది ఇస్మాయిల్ మిస్త్రీ. మౌలాలి దర్గా కింద ఇల్లు. ఆవిరి బాయిలర్లు బాగుచేస్తూనే జుట్టు నెరిసిన మనిషి. చివరికి ఆ బాగుచేసినవాటినే కోయించే పని ఆయన మీద పెట్టారు. మేమంతా ఆయన్ను చాచా అనేవాళ్ళం. చాచా ఒక పద్ధతి పెట్టాడు. కటర్ వెలిగించే ముందు కోయబోయే భాగం మీద చెయ్యి పెట్టి దాని పేరు చెప్పాలి, అదేం పని చేసేదో చెప్పాలి. చెప్పలేకపోతే ఆయనే చెప్పి, మర్నాడు మళ్ళీ అడిగేవాడు. మాకు నవ్వొచ్చేది. ఒకసారి నేను విసుగొచ్చి, కోసి పారేసేదానికి పేరెందుకు చాచా అన్నాను.

"పేరు జెప్పకుండ కోస్తే పాపం తగుల్తది బేటా," అన్నాడు. "ముక్కలు గాకముందు అది ఏందో ఒక్కలకన్న తెల్వాలె."

ఆ పద్ధతి పుణ్యమా అని నేను ఆవిరి ఇంజన్‌ను తోక నుంచి నేర్చుకున్నాను. నడపడం రాకముందే విప్పడం వచ్చింది. మీకు నేను చెప్పే మొదటి మాట కూడా ఇదే. ఏదైనా పడేసే ముందు దాని పేరు తెలుసుకోండి. పేరు తెలిశాక చాలాసార్లు పడేయబుద్ధి కాదు.

రంగు సాబ్

మెయిల్ బండ్లు లాగే పెద్ద ఇంజన్లను మావాళ్ళు పెద్దమ్మలు అనేవాళ్ళు. యార్డులో వ్యాగన్లను ఇటునుంచి అటు నెట్టే చిన్న ఇంజన్ ఒకటి ఉండేది, అది చిన్నమ్మ. మనిషి పొట్టి, గొంతు గట్టి. దాని ఈల మల్లాపూర్ దాకా వినిపించేది. పెద్దమ్మలంతా పోయాక దాని వంతు వచ్చింది. ఆ రోజు చాచా కడుపునొప్పి అని డ్యూటీకి రాలేదు. ఆయనకు కడుపునొప్పి రావడం అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు.

చిన్నమ్మను ఆ రోజు కాపాడింది ఎవరనుకుంటున్నారు? మేమెవ్వరం కాదు. మాకు అస్సలు నచ్చని ఒక సాబ్. ఆయనకు రంగంటే పిచ్చి. కదలకుండా నిలబడిన ప్రతిదానికీ రంగేయించేవాడు. చెట్ల మొదళ్ళకు, దారి పక్క రాళ్ళకు, నల్లాలకు, ఆఖరికి క్యాంటీన్ బల్లలకు కూడా. ఆరకముందే ఆ బల్లల మీద కూర్చుని మా ప్యాంట్లన్నీ పచ్చబడ్డాయి. ఆయన చిన్నమ్మ చుట్టూ ఒకసారి తిరిగి, దీన్ని గేటు దగ్గర నిలబెట్టి రంగేస్తే వచ్చిన పెద్దవాళ్ళు ఫోటో దిగడానికి బాగుంటుందన్నాడు. అంతే. చరిత్ర అనలేదు, వారసత్వం అనలేదు, ఫోటో అన్నాడు. పాత ఇనుము వేలంలో కొనేవాళ్ళు వచ్చి అడిగితే గేటు అందం పాడవుతుందని కసిరి పంపాడు.

తర్వాత రంగు విషయంలో చిన్నమ్మను కూడా వదల్లేదనుకోండి. గేజీ అద్దాల మీద నలుపు, చక్రాల మీద ఎరుపు. కదలాల్సిన కీళ్ళన్నీ రంగుతో అతుక్కుపోతుంటే నాకు ఒళ్ళు మండేది. ఇన్నేళ్ళ తర్వాత చెప్తున్నాను, సాబులను తూకం వేయడంలో తొందరపడకండి. ఆవిరి ఇంజన్ల గురించి కళ్ళు చెమ్మగిల్లేట్టు మాట్లాడిన సాబులు నాకు తగిలారు, వాళ్ళ హయాంలోనే అవన్నీ పోయాయి. ఈయన గొప్పలకు పోయే మనిషి. ఆ గొప్పే ఒక ఇంజన్‌ను మిగిల్చింది.

మూత

ఇస్మాయిల్ చాచా రిటైరయ్యే రోజు మెడలో దండ కూడా తీయకుండా నన్ను గేటు దగ్గరికి తీసుకుపోయి చిన్నమ్మ పొగగొట్టం చూపించాడు. గొట్టం కింద, బాయిలర్‌కు ముందు, పొగపెట్టె అని గుండ్రటి అర ఒకటి ఉంటుంది. మంటలోంచి వచ్చే పొగ అందులో చేరి గొట్టంలోంచి పైకి పోతుంది. ఏళ్ళ తరబడి పట్టిన మసి అందులోనే ఉంటుంది. ఆ మసి మీద వాన నీళ్ళు పడితే యాసిడ్‌లా మారి అడుగు రేకును లోపల్నుంచి తినేస్తుంది. బయట రంగు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది.

"గొట్టం మూయి రత్నం," అన్నాడు చాచా. "లేకుంటే దీన్ని వాననే కోస్తది. నీ కటర్ అక్కర లేదు."

మూత చేయిద్దామని రంగు సాబ్‌ను అడిగితే, ఫోటోలో బాగుండదన్నాడు. పైకి రాశాం. ఆ కాగితం సంగతి వదిలేయండి. ఈలోగా మృగశిర కార్తె వచ్చేసింది, మౌలాలి గుట్ట మీద మబ్బులు దిగాయి. నాకు కాలు నిలవలేదు. పొగగొట్టం మూతిని తాడుతో కొలిచి, ఆ తాడు జేబులో వేసుకుని యాదగిరి దుకాణానికి పోయాను.

యాదగిరిది నాచారంలో మా వెనక సందులోనే టెంట్ హౌస్. భువనగిరి దిక్కు నుంచి వచ్చి, ముందు మల్లాపూర్‌లో ఫ్యాక్టరీ పని చేశాడు. అప్పట్లో పొద్దుటి షిఫ్టుకు చిన్నమ్మ ఈల విని లేచేవాడట, గడియారం కొనే తిప్పలు తప్పిందనేవాడు. తర్వాత కుర్చీలు, షామియానాలు, వంటపాత్రలు కిరాయికిచ్చే దుకాణం పెట్టాడు. మాకు చుట్టరికం ఏమీ లేదు. నా పెళ్ళికి కుర్చీలు వేసింది తానే కాబట్టి నన్ను బావా అనే హక్కు ఉందంటాడు.

దుకాణంలో బిర్యానీ వండే పెద్ద డేక్సాల మూతలు గోడకు ఆనించి ఉన్నాయి. తాడుతో ఒక్కొక్కటే కొలిస్తే ఒక అల్యూమినియం మూత పొగగొట్టానికి అతికినట్టు సరిపోయింది. ఒక్క వాన ఆగేదాకా ఇయ్యి, ఆలోపు మేం చేయించుకుంటామని అడిగాను. ఎల్లుండి ఉప్పల్‌లో పెండ్లి ఉంది, అప్పటికల్లా తేవాలని ఒట్టు వేయించుకుని ఇచ్చాడు. నేను దాన్ని గొట్టం మీద బోర్లించి ఇనుప తీగతో బిగించి కట్టి దిగానో లేదో, వాన దంచికొట్టింది.

వాన ఆగలేదు, మూత దిగలేదు. ఉప్పల్ పెండ్లిలో యాదగిరి డేక్సా మీద పళ్ళెం బోర్లించి, దాని మీద బండరాయి పెట్టి బిర్యానీకి దమ్ ఇచ్చాడు. పెండ్లివాళ్ళకు రుచిలో తేడా తెలియలేదు. యాదగిరి మాత్రం మా బావ ఇంజన్‌కు మూత పెట్టి నా నెత్తి మీద బండ పెట్టాడని నాచారమంతా చెప్పుకు తిరిగాడు.

ఇక రంగు సాబ్ చూసి గరం అవుతాడని నేను భయపడుతూ ఉన్నాను. ఆయన వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని, కాసేపు తల ఎత్తి చూశాడు. తర్వాత పెయింటర్‌ను పిలిచి, దానికి కూడా రంగేయమన్నాడు.

యాదగిరి అడుగుడు

మేం చేయించుకుంటామన్న మూత ఎప్పటికీ రాలేదు. యాదగిరి మాత్రం అడగని పెండ్లిళ్ళ సీజన్ లేదు. హబ్సిగూడ చౌరస్తాలో ఎదురైనా, రామంతాపూర్ షేర్ ఆటోలో పక్కన కూర్చున్నా ఒకటే మాట, "బావా, నా మూత?" నా బిడ్డ పెండ్లిలో మా వియ్యంకుడికి కూర వడ్డిస్తూ, ఆయన ముందరే అడిగాడు. నాకు హెర్నియా ఆపరేషన్ అయి దవాఖానాలో పడుంటే బత్తాయిలు తెచ్చి, డాక్టర్ ఉండగానే అడిగాడు. ఏం మూత అని ఆ డాక్టర్ కంగారుపడ్డాడు. కొత్తది కొనిస్తా తీసుకోరా నాయనా అంటే వినడు. అదే కావాలి.

నాకు సిగ్గేసేది. అడిగించుకున్న మర్నాడు డ్యూటీకి పోగానే తల ఎత్తి చూసేవాడిని. మూత ఉందా, తీగ తుప్పు పట్టిందా అని. పట్టితే ఎక్కి మార్చేవాడిని. "ఉంది రా, భద్రంగ ఉంది, తెస్త," అని యాదగిరికి చెప్పేవాడిని. వాడు తల ఊపి పోయేవాడు, మళ్ళీ వచ్చి అడిగేవాడు. రానురాను అడిగినా అడగకపోయినా గేటు దాటగానే నా తల దానంతట అదే పైకి లేచేది.

సాబులు మారారు. ఒకాయన చిన్నమ్మకు ఆకుపచ్చ వేయించాడు, ఒకాయన మళ్ళీ నలుపు, ఇంకొకాయన మూత అంచుకు బంగారు రంగు. పూత మీద పూత పడి మూతకూ గొట్టానికీ మధ్య సందు లేకుండా పోయింది. కొత్తగా చేరినవాళ్ళు అది ఇంజన్‌తోపాటే పుట్టిందనుకున్నారు. ఫోటోలు తీసుకోవడానికి వచ్చిన ఒక పెద్దమనిషి, ఇలాంటి టోపీ ఉన్న ఇంజన్ దేశంలో తానెక్కడా చూడలేదన్నాడు. పాపం, నిజమే చెప్పాడు.

మేడమ్ వచ్చాక

నేను ఇంకొన్నాళ్ళలో రిటైరవుతాననగా గేటు దగ్గరి జాగా మీద పైవాళ్ళ కన్ను పడింది. అక్కడ కొత్త లైన్లు వేయాలి, చిన్నమ్మ అడ్డం. అప్పుడు మా షెడ్డుకు వచ్చిన మేడమ్ వయసులో నా బిడ్డంత, వరంగల్ పిల్ల. చిన్నమ్మను మళ్ళీ నడిపించి ఆదివారాలు షెడ్డు లోపలే బడిపిల్లలను తిప్పుదామని ఆమె పట్టుబట్టింది. పైనున్న పెద్దాయన ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. తన కళ్ళముందు ఒక్కసారి ఆవిరి పట్టి నడవాలి. నడిస్తే ఉంటుంది. నడవకపోతే వేలం, అంటే మళ్ళీ గ్యాస్ కటరే.

నా చేత్తో కోసిన ఇంజన్ల భాగాలన్నీ పేరుపేరునా నాకు గుర్తే, చాచా అట్లా నేర్పాడు మరి. అట్లాంటి ఇంజన్ ఒక్కటైనా నడుస్తుండగా చూసి నేను ఇంటికి పోవాలి. అప్పుడు నాకు ఇంకే కోరికా లేదు.

ముందు పొగపెట్టె తలుపు తెరిచాం. నాకంటే ముందే మేడమ్ లోపల దూరి సుత్తితో అడుగు రేకు మీద కొట్టింది. గట్టి రేకు గంటలా మోగుతుంది, తినేసిన రేకు డప్పులా. గంటే మోగింది. ఆమె మొహమంతా మసితో బయటికి వచ్చి, ఇన్ని వానల్లో ఇదెట్లా మిగిలిందని అడిగింది. ఏదో మూసిపెట్టాం మేడమ్ అన్నాను. బిర్యానీ డేక్సా సంగతి చెప్పడానికి సిగ్గేసింది.

తర్వాత బాయిలర్ నిండా నీళ్ళు నింపి ఒత్తిడి పెడితే ఒక బోల్టు దగ్గర నీళ్ళు చెమటలా ఊరాయి. ఉలితో కొట్టి మూసేద్దాం, మా కాలంలో అట్లాగే చేసేవాళ్ళం అన్నాను. మేడమ్ వినలేదు, ఆ బోల్టు తీయాల్సిందే అంది. తీసి చూస్తే అది మధ్యలో దాదాపు తెగిపోయి ఉంది. అనుభవం మంచిదే. కానీ పనితోపాటు 'ఏం కాదులే' అనడం కూడా అదే నేర్పుతుంది. ఆ రెండోది మీరు నా దగ్గర నేర్చుకోకండి.

నిప్పు పెట్టిన రోజు

ఆ రోజు పొద్దున షెడ్డంతా చిన్నమ్మ దగ్గరే ఉంది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, గుమ్మడికాయ కొట్టారు, బంతిపూల దండలు వేశారు. అప్పటికి చాచా బతికి లేడు, ఆయన కొడుకు దర్గా నుంచి గులాబీ పూలు తెచ్చి ఇచ్చాడు. మా ఆవిడ ఇంట్లో ప్రార్థన చేసి నన్ను పంపింది. నేను గేటు దాటగానే అలవాటు ప్రకారం తల ఎత్తి చూశాను. మూత ఉంది. హమ్మయ్య అనుకుని, కొలిమిలో కట్టెలు పేర్చి నిప్పు పెట్టాను.

కట్టె అంటుకుంది. కాసేపటికి పొగ మా మొహం మీదికే వచ్చింది. మొదట్లో అట్లాగే ఉంటుందని అందరికీ ధైర్యం చెప్పాను. పొగ పెరిగింది. మంట లేవడం లేదు. ఇంజన్ మీద ఉన్నవాళ్ళం దగ్గుతూ కిందికి దూకాం. ఇక ఒక్కొక్కరు ఒక్కొక్క మాట. కట్టెలు పచ్చివని ఒకరు, గాలి ఎదురు కొడుతోందని ఒకరు, గొట్టాల్లో పాత మసి అడ్డం పడిందని ఒకరు. అన్నీ చూశాను, అన్నీ బాగానే ఉన్నాయి. అంత బాగా ఉండి ఎందుకు రాదో నా బుర్రకు అందలేదు.

సరిగ్గా అప్పుడే పెద్దాయన కారు దిగాడు. రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని చూసి, దీని పని అయిపోయింది, అనవసరంగా కష్టపెట్టకండి, మంట ఆర్పేయండని మర్యాదగానే చెప్పాడు. మేడమ్ నా వైపు చూసింది. నా కళ్ళ నిండా నీళ్ళున్నాయి. అవన్నీ పొగ వల్ల వచ్చినవి కావు. నేను మంట ఆర్పడానికి పార చేతిలోకి తీసుకున్నాను.

ఆ రోజు మధ్యాహ్నం భోజనాలు యాదగిరికి అప్పజెప్పాం. వాడి ట్రాలీ ఆటో డేక్సాలతో గేటులోకి వచ్చింది. దిగాడు, పొగ చూశాడు, ఇంజన్ చూశాడు, తల ఎత్తి పైకి చూశాడు.

"బావా," అన్నాడు, "పొయ్యి ముట్టిచ్చి నా మూత తియ్యకపోతే పొగ యాడికెల్లి పోవాలె?"

అందరి తలలూ ఒక్కసారి పైకి లేచాయి. నా చేతిలో పార జారి కాలి మీద పడింది, నొప్పి కూడా తెలియలేదు. ఇన్నేళ్ళూ నేను చూసింది మూత ఉందా లేదా అనే. ఉంటే మంచిది, లేకుంటే ప్రమాదం. ఆ రోజు కూడా చూశాను, ఉంది. చిన్నమ్మ క్షేమంగా ఉందనుకున్నాను.

నిచ్చెన తెప్పించి నేనే ఎక్కాను. ఈ వయసులో ఎందుకని మేడమ్ ఆపబోయింది, నేను కట్టింది నేనే విప్పుతానన్నాను. తీగ తెగింది కానీ మూత ఊడలేదు. అంతమంది సాబుల రంగు పట్టుకుని ఉంది దాన్ని. సుత్తితో చుట్టూ కొడితే చివరికి ఠంగుమని ఎగిరి కింద పడింది. చిన్నమ్మ ఒక్కసారి దగ్గింది, నల్లటి పొగ నా మొహాన్ని కడిగేసి నిటారుగా ఆకాశంలోకి లేచింది. కింద కొలిమిలో మంట భగ్గుమంది.

"అందరు దేవుండ్లకు మొక్కిన్రు, మూత తీసుడు మర్సిన్రు," అన్నాడు యాదగిరి. పెద్దాయన నవ్వి నవ్వి దగ్గాడు. ఆవిరి పట్టేదాకా ఉంటానన్నాడు, షామియానా కింద కూర్చుని బిర్యానీ రెండుసార్లు వేయించుకున్నాడు.

పొద్దు వాలేలోపు ఆవిరి గేజీలో ముల్లు లేచింది. మేడమ్ ఈల తాడు నా చేతిలో పెట్టింది. లాగాను. ఆ గొంతు విని ఎన్నేళ్ళయిందో. చిన్నమ్మ నెమ్మదిగా కదిలి, నిమ్మకాయలను చితక్కొట్టి, గేటు నుంచి షెడ్డు దాకా పోయి తిరిగి వచ్చింది. నేను ఏడ్చాను. దాచుకోవడానికి మొహం మీద మసి ఉంది కదా అనుకున్నాను, కానీ కన్నీళ్ళు దాని మీదే చారలు కట్టాయి. డేక్సాలు కడుగుతున్న యాదగిరి ఈల విన్నప్పటినుంచి చెయ్యి ఆపి అట్లాగే నిలబడి ఉన్నాడు.

నిప్పు చల్లారాక మూత తీసుకుపోయి వాడి చేతిలో పెట్టాను. వాడు గోటితో అంచు గీకాడు. బంగారు రంగు, నలుపు, ఆకుపచ్చ, మళ్ళీ నలుపు, అన్నిటికింద అల్యూమినియం. తీసుకుపోరా, ఇక నన్ను అడగవు కదా అన్నాను.

"నేనేం జేసుకోను బావా," అన్నాడు. "దీని డేక్సా ఎన్నడో అడుగు వోయింది. పాత సామాన్లోనికి ఏసిన."

మరి ఇన్నేళ్ళూ నా ప్రాణం ఎందుకు తీశావని అడిగాను. నా బిడ్డ పెండ్లి, దవాఖానా అన్నీ గుర్తుచేశాను.

"నేను అడిగినప్పుడల్ల నువ్వు పోయి సూసొస్తుంటివి గద," అన్నాడు. "నేను అడుగుడు బంద్ జేస్తే, నువ్వు సూసుడు బంద్ జేస్తవని."

ఇద్దరం కలిసి మూతను మళ్ళీ గొట్టం మీద పెట్టాం. ఈసారి తీగతో కాదు, సులువుగా తీయడానికి మేడమ్ ఒక కొక్కెం చేయించింది. కొలిమి తలుపు మీద ఎర్ర రంగుతో 'మూత తీశారా?' అని కూడా రాయించింది. రంగు సాబ్ ఉంటే సంతోషించేవాడు.

ఇప్పుడు ఆదివారాలు చిన్నమ్మ పిల్లలను తిప్పుతోంది. మూత తీసేదీ పెట్టేదీ వేరే చేతులు. నేను ఇంట్లో ఉంటాను. ఉప్పల్ మీద మబ్బు కమ్ముకోగానే షెడ్డుకు ఫోన్ చేసి, మా యాదగిరి మూత అడుగుతున్నాడు, జర పోయి చూసి చెప్పమంటాను. ఫోన్ ఎత్తిన మనిషి గేటు దాకా పోయి వచ్చేంతవరకు అట్లాగే చెవికి పెట్టుకుని ఉంటాను.

"ఉంది సార్, భద్రంగ ఉంది," అంటాడు. "తెస్త అని చెప్పున్రి."